పదకొండు నెలలు వాడిన పాలపంపు, అందులో ఒక చిన్న వాల్వు

తల్లిపాలు తీసే పాలపంపు గురించి రాద్దామని కూర్చుంటే నాకు మోటారు గుర్తుకు రాదు, సీసాలు గుర్తుకు రావు. తెల్లగా, మెత్తగా, బొటనవేలి మొదటి కణుపంత ఉండే ఒక సిలికాన్ ముక్క గుర్తుకొస్తుంది. బాతు ముక్కులా ఉంటుంది. పంపులోని వాల్వు అదే. దాని మూల బియ్యపుగింజలో సగమంత చిరిగింది. అంతమాత్రానికి నాకు పాలు ఎండిపోయాయనుకుని ఐదు రోజులు ఏడ్చాను. నెల తక్కువ పిల్లలున్న ఇంకే తల్లీ అలా ఏడవకూడదని ఇది రాస్తున్నాను.

మా ఇద్దరాడపిల్లలు 31 వారాలకే పుట్టేశారు. పెద్దది 1,340 గ్రాములు, చిన్నది 1,190. ఎన్‌ఐసీయూలో, అంటే పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో, 41 రోజులున్నారు. చీకడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కలిపి చేయడం పిల్లలకు గర్భం లెక్కలో ఇంచుమించు 34 వారాలకు గానీ రాదు. అందాకా ముక్కులోంచో నోట్లోంచో వేసిన సన్నటి ట్యూబులో పాలు పోయాల్సిందే. మా చిన్నదానికి మొదట పోసింది 2 మిల్లీలీటర్లు. ఆ రెండు మిల్లీలీటర్లూ నా దగ్గరనుంచే రావాలి, బిడ్డ మాత్రం నా ఒళ్ళో లేదు. పంపు అవసరం అక్కడ మొదలైంది.

ముర్రుపాలు పడే మొదటి రెండు మూడు రోజులు నాకు పంపుకంటే చెయ్యే ఎక్కువ పనికొచ్చింది. చిక్కగా, పసుపుపచ్చగా చుక్కలు చుక్కలుగా వచ్చేవి. పంపులో అయితే అవి సీసా గోడలకే అంటుకుపోతాయి. సిస్టర్ పక్కన కూర్చుని చేత్తో పిండటం నేర్పించి, ఒక్కో చుక్కా సిరంజితో పీల్చి తీసుకెళ్ళేది. పంపు కొన్నా సరే, ఆ చేతిపని నేర్చుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

నేను కొన్నది రెండువైపులా ఒకేసారి తీసే కరెంటు పంపు. లోపల బ్యాటరీ ఉంది. ఏ కంపెనీదో రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఇలాంటి వాల్వు ఉన్న ఏ పంపుకైనా పనికొస్తుంది. కవలలకైతే రెండువైపులదే తీసుకోవాలని గట్టిగా అంటాను. రోజుకు ఎనిమిదిసార్లు, సారికి 15 నుంచి 20 నిమిషాలు. ఒక్కోవైపు విడివిడిగా తీస్తే ఆ లెక్క రెండింతలవుతుంది, నిద్ర అన్న మాటే ఉండదు. ఎనిమిదింట్లో ఒకటి అర్ధరాత్రి దాటాక ఉండాలన్నారు. పాలు పడేలా చేసే హార్మోను రాత్రిళ్ళు ఎక్కువట. రెండున్నరకు అలారం పెట్టుకునేదాన్ని. మా ఆయన స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు. నైట్ డ్యూటీ ఉన్న రోజు ఆయన ఫోన్ చేసి లేపేవారు.

బ్యాటరీ ఉన్నదే కావాలని పట్టుబట్టింది మా అమ్మ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన విశాఖవాళ్ళెవరైనా, ఏది కొంటున్నా కరెంటు పోతే ఎలా అని అడుగుతారు. కొత్తలో ఒకసారి చార్జింగ్ పెడితే ఐదారుసార్లు వచ్చేది. మా వదినతో, అపార్టుమెంటులో అడిగినవాళ్ళతో, కళ్ళు మూసుకుని తీసుకోండి అన్నాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సరిదిద్దుకోవాలి. పదకొండో నెలకొచ్చేసరికి రెండుసార్లకే అయిపోతోంది, రెండోసారి చివర్లో లాగే బలమూ తగ్గుతోంది. వానాకాలంలో ఒక రాత్రి తొమ్మిది గంటలు కరెంటు లేదు. ఆ రాత్రి నన్ను గట్టెక్కించింది మొదటి రోజుల్లో నేర్చుకున్న ఆ చేతిపనే.

ఇక వాల్వు సంగతి.

పిల్లలు ఇంటికొచ్చారు. పెద్దది కొంచెం రొమ్ము పట్టడం మొదలెట్టింది. చిన్నది నాలుగు గుక్కలకే అలిసిపోయి నిద్రపోయేది, దానికి ఉగ్గుగిన్నెతోనే. ఇద్దరికీ కలిపి రోజుకు 700 మిల్లీలీటర్ల దాకా కావాలి, నాకు సారికి 90 చొప్పున సరిగ్గా సరిపోయేవి. ఎనిమిదో వారంలో ఒక ఉదయం 70 వచ్చాయి. సాయంత్రానికి 60. మర్నాడు 50. సీసా మీద గీతలు చూస్తూ కూర్చునేదాన్ని. మోటారు చప్పుడులో తేడా లేదు. మామూలుగానే లాగుతున్నట్టుంది. రెండువైపులా ఒకేలా తగ్గాయి కాబట్టి తప్పు నాదేననుకున్నాను.

అందరూ అదే అనుకున్నారు. అత్తయ్య భీమిలి మనిషి. "ఏటమ్మా, పాలు తగ్గిపోనాయా? దిష్టి తగిలుంటది" అని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు. మర్నాడు తెల్లారకుండానే రేవుకెళ్ళి పాలసొర తెచ్చి, వెల్లుల్లి దంచి వేసి పొడికూర చేశారు. అమ్మ మునగాకు, బొప్పాయికాయ కూర, మెంతులు. ప్రేమతో పెట్టినవే, తిన్నాను. పక్కింటావిడ "ఇద్దరికి ఎక్కడ సరిపోతాయమ్మా, డబ్బా పాలు మొదలెట్టెయ్యి" అంది. నాలుగో రోజు డాక్టరుగారిని అడిగి, ఆయన చెప్పిన లెక్కన రెండుసార్లు డబ్బా పాలు పట్టాం. పట్టడం తప్పు కాదు, బరువు పెరగాల్సిన పిల్లలు. కానీ ఆ గిన్నె పట్టుకున్నప్పుడు నా చేతులు వణికాయి. నెలలు నిండా మొయ్యలేకపోయాను, పాలు కూడా ఇవ్వలేకపోతున్నానా అని ఒకటే మాట లోపల తిరిగేది.

ఐదో రోజు పిల్లల కళ్ళ పరీక్ష. 2 కిలోల లోపు బరువుతోగానీ 34 వారాల లోపుగానీ పుట్టినవాళ్ళకి రెటీనా పరీక్ష తప్పనిసరి, మొదటిది నెల తిరక్కుండా అయిపోవాలి. ఆసుపత్రిలో ఉండగానే అది అయింది, ఇది తర్వాతది. కంటి చుక్కలు వేసి కూర్చోబెట్టారు. అక్కడే పాలు పట్టించడం నేర్పే సిస్టర్ కనబడితే ఏడుపు ఆగలేదు. ఆవిడ మునగాకు గురించి అడగలేదు. ఏం తింటున్నావనీ అడగలేదు. "పంపు తెచ్చావా తల్లీ?" అంది. సంచీలోనే ఉంది. దాన్ని బిగించి, రొమ్ముకు పెట్టే గరాటు మూతిని తన ముంజేతి లోపలివైపు ఆనించి ఆన్ చేసింది. "నీ చెయ్యి పెట్టు" అంది. ఏదో ముట్టుకున్నట్టుంది తప్ప లాగడం లేదు. వాల్వు ఊడదీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, రెండు పెదాలనీ మెల్లగా నొక్కింది. మూసుకున్న పెదాల మూల సన్నటి వెలుగు గీత కనబడింది.

అంతే. బాతు ముక్కు పెదాలు పంపు లాగినప్పుడు గట్టిగా మూసుకోవాలి, అప్పుడే లోపల గాలి తగ్గి లాగే బలం పుడుతుంది. లాగడం ఆగగానే పెదాలు విచ్చుకుని పాలు సీసాలో పడతాయి. మూల చిరిగితే కింద సీసాలోని గాలి పైకి దూరిపోతుంది, ఎంత లాగినా బలం నిలవదు. నా పంపులో రెండు గొట్టాలూ ఒకే మోటారు నుంచి వస్తాయి, అందుకే ఎడమ వాల్వు చిరిగితే కుడివైపూ తగ్గింది. నేను అయిదు రోజులు నా ఒంటినే అనుమానించాను, ఆ ముక్కని ఒక్కసారీ వెలుతురుకు పట్టి చూడలేదు.

చిరగడానికి కారణమూ ఆవిడే చెప్పింది. సీసాలు తోమే బ్రష్షునే ఆ చీలికలోకి దూర్చి తోముతున్నాను, మురికి ఉండిపోతుందేమోనన్న భయంతో. వాల్వుని బ్రష్షుతో ముట్టుకోకూడదు. సబ్బునీళ్ళలో వేసి వేళ్ళతో నలిపి, ధారకింద పట్టి కడగాలి. పైగా రోజుకు ఎనిమిదిసార్లు వాడేవాళ్ళు ఆ ముక్కల్ని నెలకో రెండు నెలలకో మార్చేయాలట. నా కోపం ఇక్కడే. వేల రూపాయలు పోసి కొన్న పెట్టెలో విడి వాల్వు ఒక్కటి లేదు. వాడకం పుస్తకంలో చివరి పేజీల్లో చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. రంగురంగుల యాప్ గురించి ఆరు పేజీలున్నాయి. నెల తక్కువ బిడ్డ తల్లికి మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో చెప్పాల్సిన మాట అది.

ఆ సాయంత్రం మా ఆయన జగదాంబ, ద్వారకానగర్, గాజువాక అన్నీ తిరిగారు. పంపులున్నాయి, వాల్వులు లేవు. ఆన్‌లైన్‌లో జత 350 రూపాయలు, రావడానికి అయిదు రోజులు. ఈలోపు ఎడమ గొట్టం తీసేసి, ఆ రంధ్రం మూసి, మంచి వాల్వుతో ఒక్కోవైపు మార్చి మార్చి తీశాను. ఒక్కోసారికి నలభై నిమిషాలు. ఆ మొదటిసారే 70 వచ్చాయి. అత్తయ్య సీసా చూసి చీరకొంగు కళ్ళకద్దుకున్నారు.

అయితే వాల్వు మార్చగానే అంతా పూర్వంలా అయిపోలేదు. రొమ్ము ఖాళీ కాకపోతే శరీరం పాలు తగ్గించేసుకుంటుంది. ఆ ఐదు రోజుల నష్టం పూడ్చుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. కొత్తవి వచ్చాక, సిస్టర్ చెప్పినట్టు రోజుకొకసారి 20 నిమిషాలు తీసి, 10 ఆగి, మళ్ళీ 10 తీసి, 10 ఆగి, మళ్ళీ 10. పిల్లని గుండెలకు ఆనించుకున్న వెంటనే తీస్తే ఇంకా బాగా వచ్చేవి. చర్మానికి చర్మం ఆనేలా కట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైందంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పుట్టిన వెంటనే మొదలుపెట్టమనీ, రోజుకు 8 గంటలకు తగ్గకుండా చేయమనీ చెప్పింది. మేం ఆయనొకదాన్నీ నేనొకదాన్నీ కట్టుకునేవాళ్ళం. అందుకని కొన్న సాగే గుడ్డ మన చెమటకి అరగంటలో తడిసిపోయేది. అమ్మ పాత నూలుచీర రెండు ముక్కలు చేసి ఇచ్చింది, అదే చివరిదాకా వాడాం.

మన ఊరి గాలికి సంబంధించి ఇంకొక మాట. పాలు గొట్టంలోకి పోకుండా మధ్యలో అడ్డు ఉన్న రకం ఇది, అందుకే గొట్టం శుభ్రత సంగతి చూసుకోనక్కర్లేదని కొత్తలో అడిగినవాళ్ళతో అన్నాను. పాలు పోవు నిజమే, కానీ సముద్రపు తేమకి గొట్టంలో నీటిబొట్లు చేరతాయి. చూసుకోకపోతే లోపల నల్లటి చుక్కలు పడతాయి, నాకు ఒక గొట్టం అలాగే పాడైంది. తీయడం అయ్యాక సీసాలు ఊడదీసి, ఉత్త గొట్టాలతో రెండు నిమిషాలు మోటారు నడిపిస్తే ఆరిపోతాయి.

మిగతా సామాన్లలో ఐసు సంచీకి ఋణపడి ఉన్నాను. తీసిన పాలు 25 డిగ్రీల్లో నాలుగు గంటలు నిలుస్తాయంటారు, మే నెలలో గాజువాక నుంచి ఎన్‌ఏడీ కూడలి మీదుగా ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆ 25 ఎక్కడిది? ఉగ్గుగిన్నె మాకు వంద రూపాయల లోపే దొరికింది, మూతి సన్నగా ఉన్న స్టీలుది చూసి తీసుకోండి. డిజిటల్ తూకం మాత్రం కొనకుండా ఉండాల్సింది. పది గ్రాముల తేడాకి రోజంతా మనసు పాడుచేసుకున్నాను. వారానికోసారి ఆసుపత్రిలో తూచింది చాలు. కవలల బండి మా లిఫ్టులో పట్టలేదు.

పంపు కొనమంటారా అంటే, నాకు పనికొచ్చింది. ఆసుపత్రికి దూరంగా ఉన్నాం, ఇద్దరు పిల్లలు, సీసాలు కడిగిపెట్టడానికి ఇంట్లో ఇద్దరమ్మలున్నారు, ఉద్యోగానికి ఇంకా వెళ్ళలేదు. ఒక్క బిడ్డ, అదీ 35 వారాలు దాటి పుట్టి రొమ్ము పట్టేస్తుంటే ఇంత ఖర్చు అక్కర్లేదేమో. ఆసుపత్రి పంపు అక్కడే వాడుకోనిస్తే ముందు నెల రోజులు దాంతో చూసుకోండి. కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా, అదే రోజు ఒక జత వాల్వులు అదనంగా తెప్పించుకోండి. పాలు తగ్గాయనిపిస్తే ముందు గరాటు ముంజేతికి ఆనించి చూడండి, ఆ తర్వాతే మీ ఒంటిని అనుమానించండి.

పిల్లలిద్దరూ ఇప్పుడు నిలబడటానికి మంచం పట్టె పట్టుకుంటున్నారు. పంపు రోజుకు ఒక్కసారే తీస్తున్నాను, వచ్చే నెల మానేస్తానేమో. విప్పని వాల్వుల జత ఒకటి ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. మా కింది ఫ్లాటు అమ్మాయికి ఎనిమిదో నెల, ఆమె పంపుకి సరిపోతాయో లేదో ఆదివారం చూస్తానంది.