ఐసీఎఫ్ గోడకు ఏ పోటు మేలు: సరుగుడు కర్రా, సెంట్రింగ్ జాకీయా, టర్న్‌బకిల్ చానెలా?

రెండు థర్మాకోల్ పలకలను ప్లాస్టిక్ టైలతో, అంటే అడ్డ బంధాలతో, కలిపిన దిమ్మెలను పేర్చి, మధ్య సందులో ఇనుము కట్టి కాంక్రీటు పోసే ఐసీఎఫ్ (ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్) గోడ నెల్లూరు, ప్రకాశం జిల్లాల మేస్త్రీలకు ఇంకా కొత్త. ఇటుక గోడనైతే వరసవరసకూ తూకపు గుండు వేసి సరిచేసుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. పది అడుగుల గోడ ఒక్క పూటలో నిండుతుంది, ఆ పూట ఎలా నిలబడితే అలాగే గట్టిపడుతుంది. కనుక గోడకు ఏ పోటు, అంటే ఏ ఊత, పెట్టాలన్నది దిమ్మెలు పేర్చకముందే తేల్చుకోవాలి.

మన ప్రాంతంలో అందుబాటులో ఉన్నవి మూడు: తీరం వెంట ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు కర్ర లేదా మెట్టలో పెరిగే జామాయిల్ కర్ర; స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ జాకీ; గోడకు నిలువుగా బిగించే ఇనుప చానెల్, దానికి ఏటవాలుగా తగిలించిన టర్న్‌బకిల్ పైపు.

పోల్చేముందు ఒక అపోహ తొలగించుకోవాలి. పచ్చి కాంక్రీటు నెట్టుడును ఆపేది పోటు కాదు. నాలుగు అడుగుల ఎత్తున ఒక్కసారిగా పోస్తే అడుగున చదరపు అడుగుకు సుమారు 270 కిలోల ఒత్తిడి పడుతుంది. అది రెండు పలకలనూ చెరోవైపు తోస్తుంది, దానిని ఓర్చుకునేది మధ్యనున్న టైలే. పోటు పని గోడను నిట్టనిలువుగా నిలపడం, ఖాళీ గోడను గాలికి పడిపోకుండా కాయడం. అందువల్ల ఏది ఎక్కువ బలమైనదన్న లెక్క కన్న, పోత జరుగుతుండగా దేనిని చిటికెడు చిటికెడుగా సవరించుకోగలం అన్న లెక్కే ఇక్కడ ముఖ్యం.

సరుగుడు కర్రకు బలం లోటు లేదు. చవకగా దొరుకుతుంది, పని అయ్యాక మరో సైటుకు పనికివస్తుంది. దాని లోపం సవరణలో ఉంది. ఒంగోలు దగ్గర నల్లరేగడి నేలలో మేము కట్టించిన ఇంటికి, ఖర్చు కలిసివస్తుందని, ఉత్తరపు గోడ మొత్తానికి లోపలివైపు నుంచి కర్రలే పెట్టించాము. ముందురోజు రాత్రి వాన పడి నేల మెత్తబడింది, కర్రల మొదళ్ల దగ్గర కొట్టిన గూటాలు వెనక్కి జరిగాయి, గోడ లోపలికి వాలింది. ఆ సంగతి పోత సగానికి వచ్చాక గాని పైన కట్టిన దారం చెప్పలేదు. మేస్త్రీ చెక్క చీలిక పెట్టి సుత్తితో కొట్టాడు. రెండు దెబ్బలకు గోడ కదలలేదు, మూడో దెబ్బకు అవసరానికి మించి బయటికి పోయింది. కర్ర తోయగలదు గాని వెనక్కి లాగలేదు. ఆ గోడ పైభాగం ఈనాటికీ ముప్పావు అంగుళం బయటికే ఉంది, కిటికీ పక్కన ఆ తేడాను ప్లాస్టరింగ్ మందంతో కప్పవలసి వచ్చింది.

సెంట్రింగ్ జాకీకి మర ఉంటుంది కాబట్టి సన్నగా సవరించవచ్చు. అయితే అది కూడా తోయడానికి చేసినదే. మీద బరువు ఉన్నంతసేపు నిలుస్తుంది, గోడ అవతలికి వాలిందంటే లోపలి పైపు జారి వస్తుందే తప్ప గోడను పట్టి ఉంచదు. పైగా ఏటవాలుగా పెడితే తలభాగం పలకమీద జారుతుంది. స్లాబుకు అద్దెకు తెచ్చినవి ఉన్నాయి కదా అని గోడకూ వాడేయడం నాకు సరైన పొదుపుగా తోచదు.

టర్న్‌బకిల్ రెండు చివరల మరలు ఎదురెదురు దిక్కులకు కోసి ఉంటాయి. మధ్య భాగాన్ని ఒకవైపు తిప్పితే పైపు సాగుతుంది, మరోవైపు తిప్పితే కుదించుకుంటుంది; అంటే గోడను తోస్తుంది, లాగుతుంది కూడా. గోడ పైన ఒక మూల నుంచి మరో మూలకు, ముప్పావు అంగుళం చెక్కముక్కల మీదుగా, నైలాన్ దారం లాగి కడతారు. పోత సాగుతుండగా అదే మందం ఉన్న మరో ముక్కను దారానికీ గోడకూ మధ్య పెట్టి చూస్తూ, అది బిగుసుకున్నచోట మరను పావు చుట్టు తిప్పుతారు. ముక్క దారాన్ని అంటీ అంటకుండా నిలిచిందంటే అక్కడ గోడ సరిగ్గా ఉన్నట్లే.

ఇదే పద్ధతి ఎంచుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. చానెళ్లను ఆరు అడుగులకు ఒకటి చొప్పున, మూలలకు రెండు అడుగుల లోపు, తలుపు కిటికీలకు ఇరువైపులా పెట్టాలి. చానెల్‌కు స్క్రూలు పట్టే నిలువు గాడులు ఉండాలి, స్క్రూలను టైల మీదికే దింపి కొంచెం వదులుగా ఉంచాలి, ఎందుకంటే కాంక్రీటు బరువుకు దిమ్మెలు కాస్త అణుగుతాయి, వాటిని చానెల్ అడ్డగించకూడదు. పోతకు ముందు గోడను పోటు ఉన్న వైపుకు రవ్వంత వాల్చి ఉంచుకోవాలి. నిండిన గోడను లాగడం కన్న తోయడం సులువు. ఆరంగుళాల కాంక్రీటు ఉన్న, పది అడుగుల ఎత్తు, ముప్పై అడుగుల పొడవు గోడలో దాదాపు పది టన్నుల బరువు ఉంటుంది. మే నెల ఎండలో అది తొందరగా బిగుసుకుంటుంది కాబట్టి చివరి తనిఖీని మధ్యాహ్న భోజనం తరువాతకు వాయిదా వేయవద్దు.

పైపు అడుగును స్లాబుకు గాని కాంక్రీటు బెడ్‌కు గాని బోల్టులతో బిగించాలి. రేగడిలోనైనా ఇసుకలోనైనా గూటాన్ని మాత్రమే నమ్ముకుంటే, ఎంత మంచి టర్న్‌బకిల్ అయినా మా సరుగుడు కర్ర గతే పడుతుంది. అటువంటి చోట అడుగున చిన్న కాంక్రీటు దిమ్మ పోయించడం ఉత్తమం.

ఖర్చు సంగతికి వస్తే, ఈ చానెళ్లు ఊళ్లో అద్దెకు దొరకకపోతే వెల్డింగ్ షాపులో చేయించుకోవాలి, ఒక్క ఇంటి కోసం అది భారమే. నలుగురు కట్టుబడిదారులు కలిసి ఒక సెట్టు చేయించుకుని వంతులవారీగా వాడుకుంటే బరువు తగ్గుతుంది. అదీ కుదరకపోతే మూలలకూ, తలుపు కిటికీల పక్కలకూ, పొడుగు గోడల నడుమకూ టర్న్‌బకిల్ పెట్టి, పొట్టి గోడలకు సరుగుడు వాడవచ్చు. అప్పుడు కర్రను లోపలా బయటా జంటగా పెట్టాలి, అప్పుడే ఒకటి తోస్తే రెండోది ఆపుతుంది.

ఈ జంట కర్రలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టర్న్‌బకిల్ ఉన్న గోడలకూ అవసరమే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత గాలికి కాంక్రీటు పడని థర్మాకోల్ గోడ ఒకవైపు పోటుతో నిలవదు. ఆ నెలల్లో దిమ్మెలు పేర్చిన గోడను రోజుల తరబడి ఖాళీగా ఉంచకుండా, వాతావరణ సూచన చూసుకుని, పేర్చడానికీ పోతకూ మధ్య వ్యవధిని వీలైనంత తగ్గించుకోవాలి.