రీఫ్ ట్యాంకుకి ఏసీ పంపా, డీసీ పంపా?

200 లీటర్ల పగడాల ట్యాంకులో నీళ్లు తిప్పడానికి ఏది కొనాలి? ధరలో ఏసీ పవర్‌హెడ్‌దే (నీళ్లలో మునిగి ధార కొట్టే పంపు) గెలుపు. ప్లగ్ పెడితే తిరుగుతుంది, పాడవడానికి కంట్రోలర్ కూడా ఉండదు. కాకపోతే వేగం మార్చలేం. ధార ఎప్పుడూ ఒకేచోట గట్టిగా కొడితే అక్కడి పగడం కండ ఊడిపోతుంది, నీరు కదలని మూలల్లో చెత్త పేరుకుంటుంది.

డీసీ వేవ్‌మేకర్‌లో వేగం తగ్గించి పెంచి అలలు పుట్టించవచ్చు. మెత్తటి పగడాలకు గంటకు ట్యాంకు నీటికి 10-20 రెట్ల ప్రవాహం చాలు. అక్రోపోరా లాంటి గట్టి పగడాలకు 30-50 రెట్లు, అంటే ఇక్కడ 6,000-10,000 లీటర్లు కావాలి. రేపు వాటి జోలికి వెళ్లే ఆలోచన ఉంటే డీసీనే నయం.

కరెంటు పోతే? నీటి కదలిక ఆగితే ఆక్సిజన్ పడిపోతుంది, అసలు టెన్షన్ అదే. చాలా డీసీ పంపులు తగిన వోల్టేజీ బ్యాటరీతో నెమ్మదిగా గంటల తరబడి నడుస్తాయి. ఏసీకి ఇన్వర్టర్ తప్పదు. అది స్క్వేర్ వేవ్‌దైతే పంపు గుయ్‌మంటుంది.

మష్రూమ్‌లు, జోవాంథిడ్‌ల లాంటి మెత్తటి పగడాలతో సరిపెట్టుకునేవాళ్లు మాత్రం డీసీకి డబ్బు పోయనక్కర్లేదు. రెండు చిన్న ఏసీలు ఎదురెదురుగా పెట్టి, టైమర్‌తో మార్చి మార్చి నడిపితే సరి.