ఎల్‌టీఎస్‌పీ: ఒక్క సర్వర్‌ని మూడు చేసి, మళ్లీ రెండుకి దిగాం

మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో 32 పాత సిస్టమ్‌లున్నాయి. హార్డ్ డిస్కులు ఎప్పుడో పీకేశాం, అన్నీ ఎల్‌టీఎస్‌పీతో (డిస్కు లేని సిస్టమ్‌లని సర్వర్‌లో ఉన్న లినక్స్‌తో నడిపే సాఫ్ట్‌వేర్) నెట్‌వర్క్ నుంచే బూట్ అవుతాయి. మొదటి ఏడాది చాకిరీ అంతా ఒకే సర్వర్‌ది. తొమ్మిదిన్నర బ్యాచ్ ఒక్కసారిగా స్విచ్చులు నొక్కితే పక్క గదిలో ఎవరో ఫైల్ సేవ్ చేసుకోవడానికి కూడా నిమిషం పట్టేది. అందుకే పనులు విడగొట్టాం. నాలుగేళ్లయింది.

ముందుగా డీహెచ్‌సీపీని, అంటే ప్రతి సిస్టమ్‌కీ ఐపీ అడ్రస్ ఇచ్చే పనిని, కాలేజీ రౌటర్‌కి వదిలేశాం. మర్నాడు పొద్దున స్క్రీన్లన్నిటి మీదా పీఎక్స్‌ఈ-ఈ53 ఎర్రర్! ఐపీ వచ్చింది గానీ ఏ ఫైలుతో బూట్ కావాలో చెప్పే దిక్కు లేదు. ఆ రౌటర్‌లో బూట్ సర్వర్, ఫైలు పేరు రాసే చోటే లేదు మరి. చివరికి మా సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్‌ని ప్రాక్సీ డీహెచ్‌సీపీగా పెట్టాం. ఐపీ రౌటర్ ఇస్తుంది, బూట్ సంగతి మాత్రం మా సర్వర్ చెబుతుంది. ఆ ముక్క ముందే తెలిసుంటే రెండు రోజుల ల్యాబ్ పోయేది కాదు.

తర్వాత టీఎఫ్‌టీపీని, అంటే బూట్ ఫైళ్లు పంపే పనిని, మూలన పడున్న ఓ చిన్న సిస్టమ్‌కి మార్చాం. అది శుద్ధ దండగ. దాని మీదుగా వెళ్లేది బూట్ మొదట్లో కావాల్సిన కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ లాంటి చిన్న ఫైళ్లే. బరువంతా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) వెళ్లే ఇమేజ్‌ది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు అన్నీ కలిసిన పెద్ద ఫైలుది. పైగా కొత్త యూజర్‌ని చేర్చినప్పుడల్లా 'ఎల్‌టీఎస్‌పీ ఇనిట్‌ఆర్‌డీ' కమాండ్ కొట్టాలి, అది తయారుచేసే ఫైల్లోనే యూజర్ల జాబితా క్లయింట్‌కి (ల్యాబ్‌లోని సిస్టమ్‌కి) చేరుతుంది. ఆ ఫైలుని అవతలి సిస్టమ్‌లోకి కాపీ చేయడం ఓసారి మర్చిపోయాను. "సార్, మీరిచ్చిన పాస్‌వర్డే కొడుతున్నా" అని ఓ అమ్మాయి మూడోసారి వచ్చి చెప్పాక గానీ నాకు వెలగలేదు. ఆర్నెల్లకే టీఎఫ్‌టీపీని మళ్లీ ఇమేజ్ సర్వర్‌లో కలిపేశాం.

బాగా కలిసొచ్చింది పిల్లల సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్లు విడి సర్వర్‌లో పెట్టడం. ఇమేజ్‌ని క్లయింట్లు చదువుకోవడమే గానీ అందులో రాసేదేమీ ఉండదు. ఒకసారి సర్వర్ ర్యామ్‌లోకి ఎక్కితే డిస్కు జోలికి పెద్దగా పోదు. రాతకోతలన్నీ హోమ్ వైపే. ఇప్పుడు మధ్యాహ్నం ల్యాబ్ నడుస్తుండగానే కొత్త ఇమేజ్ కడుతుంటా. ప్రాసెసర్ కోర్లన్నీ దానికే పోయినా పిల్లల ప్రోగ్రామ్‌లు టక్కున సేవ్ అవుతాయి. బ్యాకప్ కూడా ఒక్క పెట్టెదే.

ప్రోగ్రాములు నడపడానికి అప్లికేషన్ సర్వర్ విడిగా ఉండాలని పాత ఎల్‌టీఎస్‌పీ 5 వాడినవాళ్లు చెబుతుంటారు. 2019లో తిరగరాసిన వెర్షన్‌లో ప్రోగ్రాములు క్లయింట్‌లోనే నడుస్తాయి కాబట్టి మాకా అవసరం రాలేదు.

ఇక మిగిలిన తలనొప్పి కరెంటు. పోయి వస్తే సర్వర్ల కన్నా ముందే క్లయింట్లు లేచి కూర్చుంటాయి. హోమ్ సర్వర్ రాకుండా బూట్ అయినది లాగిన్ దగ్గరే ఇరుక్కుంటుంది. యూపీఎస్ పక్కన మా అటెండర్ స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఇప్పటికీ ఉంది: "ముందు నెట్‌వర్క్ స్విచ్చి. తర్వాత హోమ్. తర్వాత ఇమేజి. టీ తాగొచ్చాక పిల్లల సిస్టమ్‌లు."