ఉప్పునీటి ట్యాంక్ సైక్లింగ్: రొయ్య మేలా, సీసా మేలా, పక్కింటి తోడు మేలా?

"అన్నా, ట్యాంక్‌లో ఉప్పునీళ్లు పోసేశాను. ఇప్పుడు రొయ్య వేయాలా, బ్యాక్టీరియా సీసా కొనాలా?" ఈ నెలలో ఇది ఐదోసారి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను. చేపలు వేసేముందు ట్యాంక్‌లో మంచి బ్యాక్టీరియాని పెంచడమే సైక్లింగ్. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది ఆ బ్యాక్టీరియానే.

అసలు ఆ ప్రశ్నలోనే ఒక తికమక ఉంది. రొయ్య, అమ్మోనియం క్లోరైడ్ అనేవి పాలలాంటివి, బ్యాక్టీరియా తినే అమ్మోనియాని ఇస్తాయి అంతే. బ్యాక్టీరియా తోడు. పాలు గేదెవా ఆవువా అన్నది తర్వాత చూసుకోవచ్చు, తోడు బతికుందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. పైగా ట్యాంక్‌లో పేర్చడానికి మనకు దొరికే రాయి ఎండు రాయి, దాని మీద ప్రాణమున్నదేదీ ఉండదు. సముద్రంలోంచి తీసిన లైవ్ రాక్, అంటే బ్యాక్టీరియా పట్టిన పగడపు రాయి, ఆశ వదిలేయండి. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే పగడాలన్నీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. మన తీరంలో వాటి జోలికి వెళ్లడం నేరం.

ముందు పాల సంగతి. నా మొదటి ట్యాంక్‌కి రొయ్యే వేశాను. పచ్చి రొయ్య ఒకటి మేజోడులో కట్టి వేలాడదీస్తే నాలుగో రోజుకి హాలంతా చేపల మార్కెట్ వాసన. ఇంట్లో వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను. వాసన పోతుంది గానీ అది కుళ్లుతూ ఎంత అమ్మోనియా వదులుతుందో మన చేతిలో ఉండదు. పైగా ఫాస్ఫేట్ కూడా వదులుతుంది, తర్వాత నాచు రూపంలో ఆ బాకీ తీర్చాల్సి వస్తుంది. ఆ ట్యాంక్ సిద్ధమయ్యేసరికి ఆరు వారాలు పట్టింది.

అమ్మోనియం క్లోరైడ్ అయితే తూచి వేసుకోవచ్చు. 200 లీటర్ల నీటికి గ్రామున్నర వేస్తే అమ్మోనియా రెండు, రెండున్నర పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాకా వస్తుంది, అంతకు మించి అక్కర్లేదు. మన పెద్దవాళ్లు కళాయి పూతకి వాడిన నవసారం ఇదే. అయితే కిరాణా కొట్టులో అడగకండి. అందులో ఏం కలిసుంటుందో తెలియదు, పైగా నాటుసారా కాస్తున్నారేమో అన్నట్టు చూస్తారు. ల్యాబ్ సామాన్లు అమ్మే చోట చిన్న డబ్బా కొనుక్కోండి. కాబట్టి పాల విషయంలో నా ఓటు దీనికే.

ఇక తోడు. సీసా బ్యాక్టీరియా మంచిదైతే పది, పన్నెండు రోజుల్లో పని అయిపోతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది మన చేతికి ఎలా చేరుతుందో చూడండి. కొన్ని రకాలను ఫ్రిజ్‌లో ఉంచాలని సీసా మీదే రాసుంటుంది. అలాంటిది ఏప్రిల్ ఎండలో గోడౌన్‌లో రెండు రోజులు, డెలివరీ బండిలో ఒక పూట గడిపి వస్తుంది. నా రెండో ట్యాంక్‌కి ఈ ఏప్రిల్‌లో తెప్పించిన సీసా అలాగే వెచ్చగా చేతికి వచ్చింది. పోసి పన్నెండు రోజులు టెస్ట్ చేశాను. అమ్మోనియా 2 దగ్గర్నుంచి కదల్లేదు. ఉప్పు సరిగానే ఉంది, విశిష్ట సాంద్రత 1.025. వేడి 26 డిగ్రీలు. కేహెచ్ (నీటిలో కార్బొనేట్ల కొలత) కూడా చూశాను, 8 ఉంది. అది బాగా పడిపోతే ఈ బ్యాక్టీరియా మందగిస్తుంది. తేడా కనబడింది ఒక్క సీసాలోనే.

అప్పుడు కూకట్‌పల్లిలో ఉన్న మిత్రుడికి ఫోన్ చేశాను. పగడాలున్న మూడేళ్ల పాత రీఫ్ ట్యాంక్ అతనిది. సంప్‌లోంచి, అంటే ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టిలోంచి, బ్యాక్టీరియా పట్టిన సిరామిక్ రింగులు ఒక సంచి తీసి, అతని ట్యాంక్ నీళ్లలోనే ముంచి, బకెట్‌లో దిల్‌సుఖ్‌నగర్ తెచ్చుకున్నాను. దారిలో ఎండనివ్వకూడదు, కుళాయి నీళ్లతో అస్సలు కడగకూడదు. అందులో క్లోరిన్ ఉంటుంది. ఐదో రోజుకి అమ్మోనియా సున్నా.

మీకు టైముంటే ఇంకా మంచి పద్ధతి ఉంది. ట్యాంక్ కొనకముందే మీ కొత్త రింగుల్ని తెలిసినవాళ్ల సంప్‌లో నెల రోజులు ఉంచండి. చీకటి సంప్ అయితే మేలు, అందులో నాచు పెరగదు.

దీనికీ ఒక లోపం ఉంది, దాచను. తోడుతో పాటు పక్కింటి రోగం కూడా రావచ్చు. ఐప్టేసియా అనే కలుపు ఎనిమోన్ రావచ్చు, అంతకన్నా ఘోరంగా చేపల మీద తెల్లమచ్చలు తెచ్చే వైట్ స్పాట్ రావచ్చు. ఆ వైట్ స్పాట్ పరాన్నజీవి రాళ్లకీ రింగులకీ అంటుకుని వారాల తరబడి నిద్రపోతుంది. చేపలు లేకుండా 76 రోజులు ఉంచితే అది పోతుందని హాబీలో చాలామంది లెక్క. అందుకే అడగాల్సింది, "నీ ట్యాంక్ ఎన్నేళ్లది?" అని కాదు. "కొత్త చేపని ఎప్పుడు వేశావు?" అని. ఈ మధ్యనే వేశానంటే మర్యాదగా వద్దనండి.

డామ్సెల్ చేపని వేసి దాని చేత సైక్లింగ్ చేయించే పద్ధతి గురించి కూడా అడుగుతున్నారు. వద్దు. పీహెచ్ 8.2 దగ్గర అమ్మోనియాలో విషపు భాగం, పీహెచ్ 7 దగ్గర ఉన్నదానికి పది రెట్లకు పైగా ఉంటుంది. మంచినీటి ట్యాంక్‌లో చెల్లిందని ఇక్కడ చెల్లదు.

ఏ దారిలో వెళ్లినా రోజులు లెక్కపెట్టకండి. రెండు పీపీఎం వేసి, 24 గంటల తర్వాత అమ్మోనియా సున్నా చూపిస్తే అయినట్టు. నైట్రైట్ కొంత మిగిలినా కంగారు వద్దు, ఉప్పునీటిలోని క్లోరైడ్ వల్ల అది చేపకి పెద్దగా ఎక్కదు. అయితే నైట్రేట్ కిట్‌ని మాత్రం మోసం చేస్తుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. సగం నీళ్లు మార్చి ఒక జత క్లౌన్ చేపలతో మొదలుపెట్టండి. పగడాలకి ఇంకో రెండు నెలలు ఆగండి. అప్పటిదాకా లైట్లు ఎక్కువసేపు వెలిగించే పని లేదు.

రింగులిచ్చే మిత్రుడు లేనివాళ్లకి సీసానే దారి. వీలైతే చలికాలంలో తెప్పించుకోండి. ఆగలేనంటారా, పది లీటర్ల బకెట్‌లో ఉప్పునీళ్లు, గాలి బుడగలిచ్చే ఎయిర్‌స్టోన్, హీటర్, ఒక పీపీఎం అమ్మోనియా పెట్టి, సీసాలోంచి కొంచెం అందులో పోసి వారం రోజులు చూడండి. అమ్మోనియా కదిలితేనే మిగతాది ట్యాంక్‌లో పోయండి.