నాలుగేళ్లకు పైగా మా ఇంట్లో నడుస్తున్న వైఫై రూటర్ గురించి

మాది నల్లగొండలో రామగిరి. 2021లో మా బిడ్డకు ఆన్‌లైన్ క్లాసులు నడుస్తున్నప్పుడు ఈ రూటర్ తీసుకున్నాం. ఇప్పటికీ ఇదే వాడుతున్నాం. రెండు బ్యాండ్లది, నాలుగు యాంటెన్నాలు, డబ్బా మీద ఏసీ1200 అని ఉంటుంది. ఈ రకం రూటర్లు చాలా కంపెనీలవి దొరుకుతాయి, పనిచేసే తీరు ఇంచుమించు ఒకటే. కాబట్టి నా అనుభవం మీలో చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఇంటి నుంచే రెండు షాపులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలలో 11వ తేదీ జీఎస్‌టీఆర్-1 అనే అమ్మకాల రిటర్న్‌కి, 20వ తేదీ 3బీ అనే పన్ను కట్టే రిటర్న్‌కి గడువు. ఆ రెండు రోజుల్లో నెట్ ఆగితే ఎంత టెన్షనో ఈ పని చేసేవాళ్లకు తెలుసు. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున ఫీజు పడేది షాపు వాళ్ల మీద, మాట పడేది నా మీద. అందుకే నెట్ ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో తెలుసుకోనిదే వదలలేదు. నాలుగేళ్ల తర్వాత వెనక్కి చూసుకుంటే, తప్పు నిజంగా ఈ రూటర్‌ది అయింది రెండే సార్లు. మిగతావన్నీ దాని చుట్టూ ఉన్నవాటి వల్ల వచ్చిన తిప్పలే.

మొదటిది గోడ. మా ఇల్లు సగం పాతది, సగం కొత్తది. ముందు గదులు ఇటుక గోడలు, స్లాబు. వెనక అత్తమ్మ పడుకునే అర్ర మాత్రం పాతకాలంది, మూరెడు మందం రాతి గోడ. ఫైబర్ తీగ టీవీ దగ్గర దింపారు కాబట్టి రూటర్ కూడా అక్కడే, ఇనుప బీరువా పక్కన పెట్టుకున్నాం. అత్తమ్మ ఫోన్‌లో వీడియో ఒక్కటి ఆడేది కాదు. "మీ అర్రలకే వస్తది, నా దాకా రాదు" అని బాధపడేది. రెండు నెలలు మేం నెట్ కంపెనీనే అనుకుంటూ గడిపాం.

రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ఉంటాయి కదా. 5 వేగం ఎక్కువ, కానీ గోడ దాటితే చప్పబడుతుంది. 2.4 నెమ్మది, కానీ గోడలను బాగా దాటుతుంది. మా రూటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి తనే మారుస్తానంటుంది. అత్తమ్మ ఫోన్ ముందు గదిలో 5కి అతుక్కుని, వెనక అర్రలోకి వెళ్లినా దాన్నే పట్టుకుని వేలాడేది. రెండింటికీ వేరే పేర్లు పెట్టి, ఆమె ఫోన్‌ను 2.4కే కలిపాను. రూటర్‌ను బీరువా పక్క నుంచి తీసి, నడిమింట్లో తలకంటే ఎత్తులో సజ్జ అంచున పెట్టించాను. ఇనుప బీరువా సిగ్నల్‌కు గోడకంటే పెద్ద అడ్డు. ఆరు మీటర్ల తీగ ఖర్చుతో ఆ బాధ తీరింది.

2.4లో ఇంకో సంగతి ఉంది. ఫోన్‌లో వైఫై చూపే యాప్ పెట్టి చూస్తే మా గల్లీలో పద్నాలుగు కనెక్షన్లు కనిపించాయి, సగానికి పైగా 6వ చానల్ మీదే. ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మూడే. మాది 1కి మార్చి, చానల్ వెడల్పు 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. పేపరు మీద వేగం తగ్గినట్టే ఉంటుంది, కానీ సాయంత్రం పూట ఆగి ఆగి రావడం పోయింది.

తర్వాత కరెంట్. మాకు ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంట్ పోగానే రూటర్ ఒకసారి ఆరిపోయి వెలిగేది. అది లేచి, ఫైబర్ డబ్బా లేచి, నెట్ రావడానికి మూడు నాలుగు నిమిషాలు. రిటర్న్ మీద ఆన్‌లైన్ సంతకానికి ఓటీపీ వచ్చే సమయానికి ఇలా జరిగితే మళ్లీ మొదటి నుంచి. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉందని, దాన్ని యూపీఎస్ వైపు పెడితే బ్యాటరీ మీదికి మారే వ్యవధి బాగా తగ్గుతుందని ఎలక్ట్రీషియన్ తమ్ముడు చూపించాడు. అప్పటి నుంచి ఆరిపోలేదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఆ వైపు పెడితే వోల్టేజీ కొంచెం పడిపోయినా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. మే నెలలో గల్లీ అంతా కూలర్లు నడిచే మధ్యాహ్నాల్లో అది మాటిమాటికీ మారుతుంటే స్విచ్ వెనక్కి తిప్పి, రూటర్‌కు విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొన్నాం. కొనేటప్పుడు రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్ను సైజు చూసుకోండి. కొత్తలో నాలుగు గంటలు నిలిచేది, రెండేళ్లకు గంటన్నరకు వచ్చింది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన పని. "నెట్ వస్తలేదు" అని ఎవరన్నా అనగానే ఇప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. కమాండ్ విండో తెరిచి ముందు రూటర్‌ను పింగ్ చేస్తాను, అంటే పలుకుతుందా అని పిలిచి చూస్తాను. మా ఇంట్లో దాని అంకె 192.168.0.1. అది పలకకపోతే తప్పు ఇంట్లోనే, వైఫైదో తీగదో. అది పలికితే బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ను పింగ్ చేస్తాను. అది పలకకపోతే తప్పు రూటర్ దాటాక, బయటి లైన్‌లో. అదీ పలికితే ఏదైనా సైట్ పేరుతో చేస్తాను. అంకెలు పలికి పేరు పలకకపోతే డీఎన్‌ఎస్ (సైట్ పేరును అంకెలుగా మార్చి చెప్పే ఏర్పాటు) సమస్య, రూటర్‌లో డీఎన్‌ఎస్ అంకెలు మార్చితే చాలాసార్లు సరిపోతుంది. ఈ మూడూ చేయడానికి నిమిషం పట్టదు. ఇది తెలియక నేను రూటర్‌ను ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేశానో లెక్కే లేదు.

రెండేళ్ల కింద రోజూ సాయంత్రం నెట్ పోవడం మొదలైంది. ఫోన్ చేస్తే నెట్ వాళ్లు "మా దిక్కు అంతా బాగానే ఉందమ్మా, మీ రూటరే చూసుకోండి" అనేవారు. అప్పుడు మా బిడ్డ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటోంది. "అమ్మా, ఆ మూడు పింగులు నిమిషానికోసారి కంప్యూటరే చేసి రాసుకునేటట్టు పెడతా" అంది. ఇరవై లైన్ల ప్రోగ్రామ్. దాన్ని సరిచేయడానికి ఇద్దరం మూడు రాత్రులు కూర్చున్నాం. ఆ తిప్పలు మరెవరికైనా తప్పుతాయని వివరంగా చెబుతున్నాను.

మొదటి రాత్రి ప్రోగ్రామ్ నడవగానే ఆగిపోయింది. "చార్‌మ్యాప్ కోడెక్ ఈ అక్షరాన్ని ఎన్‌కోడ్ చేయలేదు" అన్న అర్థంలో ఎర్రర్. తను ఫైల్‌లో "రూటర్ పలికింది, బయట పలకలేదు" అని తెలుగులో రాయిస్తోంది. ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా దాచుకునే పద్ధతి) ఏదో మేం చెప్పలేదు. చెప్పకపోతే విండోస్ మీద పైథాన్ ఆ కంప్యూటర్‌కున్న పాత ఎన్‌కోడింగ్ తీసుకుంటుంది, అందులో తెలుగు అక్షరాలకు చోటు లేదు. యూటీఎఫ్-8 అని చెప్పగానే రాసింది. కానీ ఆ సీఎస్‌వీ ఫైల్‌ను స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలు. దానికి యూటీఎఫ్-8-సిగ్ అని మార్చాలి. ఫైల్ మొదట్లో చిన్న గుర్తు పడుతుంది, దాన్ని చూసి స్ప్రెడ్‌షీట్ ఇది యూటీఎఫ్-8 అని తెలుసుకుంటుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి ఇంగ్లిష్‌లో రాసేసుకుంటారు. మా బిడ్డ అలా వదలనందుకు నాకు చాలా సంతోషం. షాపు ఖాతాదారుల పేర్లు ఇప్పుడు తెలుగులోనే పెట్టుకుంటున్నానంటే ఆ రాత్రి వల్లే.

రెండో తప్పు ఇంకా లోతుగా ఉంది. నెట్ పోయిన సమయంలో కూడా ఫైల్‌లో "బయట పలికింది" అని పడుతోంది. నేను రూటర్‌కు బయటి లైన్ వచ్చే తీగ పీకి చూశాను, అయినా "పలికింది" అనే! కారణం పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. విండోస్‌లో పింగ్‌కు "చేరలేకపోయాం" అనే జవాబు మన కంప్యూటర్ నుంచో రూటర్ నుంచో తిరిగొచ్చినా, ఏదో ఒక జవాబు వచ్చింది కాబట్టి ఆ కమాండ్ సున్నా తిప్పి ఇస్తుంది. సున్నా అంటే ప్రోగ్రామ్‌కు విజయం. నిజంగా అవతలి నుంచి వచ్చిన జవాబులో అయితే టీటీఎల్ అనే మాట ఉంటుంది. ఆ మాట ఉందో లేదో చూసేలా మార్చాక లెక్క సరిపోయింది. ల్యాప్‌టాప్‌ను వైఫైకి కాకుండా తీగతో రూటర్‌కు కలిపి పెట్టాం, లేకపోతే వైఫై లోపం కూడా అందులోనే కలిసిపోతుంది.

పన్నెండు రోజులు రాయించాం. చూస్తే స్పష్టంగా ఉంది. వీధిలో కరెంట్ పోయిన ప్రతిసారీ, సుమారు నలభై నిమిషాల తర్వాత బయటి జవాబు ఆగిపోతోంది. రూటర్ మాత్రం పలుకుతూనే ఉంది. నెట్ వాళ్ల మెషీన్ ఉన్న గది పక్క వీధిలోనే, అక్కడి బ్యాటరీ నలభై నిమిషాలకే చేతులెత్తేస్తోందన్నమాట. ఆ కాగితం ప్రింట్ తీసి లైన్ చూసే అబ్బాయికి ఇచ్చాను. ఈసారి అతను తప్పు మా రూటర్‌ది అనలేదు. వారంలో బ్యాటరీ మార్చారు.

నెట్ అనుకుని నెట్ కానిది ఇంకొకటి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి 19న పాత డెస్క్‌టాప్ వేశాను. ఏ సైట్ తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదంటుంది. తెల్లారితే 3బీ గడువు. మూడు పింగులూ పలుకుతున్నాయి, ఫోన్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయి. మా ఆయన కొత్త రూటర్ తెస్తానని బండి తాళం చెవి కూడా తీశారు. కంప్యూటర్ మూలన గడియారం చూస్తే తేదీ 2012 చూపిస్తోంది. సైట్ అసలుదేనని చూపే సర్టిఫికెట్లకు మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటాయి. కంప్యూటర్ తేదీ ఆ మధ్యలో లేకపోతే దాన్ని నమ్మదు. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోయింది, పదిరోజులు ప్లగ్ తీసి ఉంచడంతో తేదీ మరిచిపోయింది. ఆ రాత్రికి తేదీ చేత్తో సరిచేసి పని ముగించాను. మర్నాడు ప్రకాశం బజారులో బిళ్ల తెచ్చి వేశాం, నలభై రూపాయలు.

ప్రింటర్ గోల కొద్దిగా చెప్పి వదిలేస్తాను. కరెంట్ పోయి వచ్చాక ప్రింటర్ ఆఫ్‌లైన్ అనడం చాలా ఇళ్లలో ఉంది. అన్నీ ఒక్కసారే లేస్తాయి, ప్రింటర్‌కు నిన్న రూటర్ ఇచ్చిన అంకె (ఐపీ అడ్రస్) ఇవాళ ఇంకో ఫోన్‌కు పోతుంది, కంప్యూటర్ పాత అంకె దగ్గరే వెతుకుతుంటుంది. రూటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అక్కడ ప్రింటర్‌కు ఒక అంకె శాశ్వతంగా రాసిచ్చేయండి.

రూటర్ సొంత తప్పులు రెండు అన్నాను కదా. ఒకటి, మూడో ఏట ఎవరైనా పెద్ద ఫైల్ దించుకుంటే చాలు, ఆరిపోయి లేచేది. అడాప్టర్ బలహీనపడింది. అవే వోల్టులు, ఆంపియర్లున్న అడాప్టర్ మార్చితే మళ్లీ రాలేదు. రెండు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులన్నీ పోయాయి. నెట్ వాళ్లిచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ దొరక్క ఒక పూటంతా పోయింది. అప్‌డేట్ చేసే ముందు ఆ పేజీలు ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ఎండ సంగతి కూడా. మాన్యువల్‌లో 0 నుంచి 40 డిగ్రీల వరకు అని రాసి ఉంది. మా ఊరి మే నెలకు ఆ 40 సరిపోదు. ఒక వేసవిలో దీన్ని పై గదిలో స్లాబు కింద పెడితే మధ్యాహ్నాలు వేగం పడిపోయింది, కిందికి దింపాక కుదుటపడింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది వేరే విషయం. 2023లో ప్లాన్ 100 నుంచి 200 ఎంబీపీఎస్‌కు మార్చాం. తీగతో చూసినా 94 దాటదు. లాన్ తీగలో నాలుగు వైర్లే పనిచేస్తే 100 దగ్గరే ఆగిపోతుంది, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. అదేమోనని కొత్త తీగ వేశాను, అంతే. చివరికి చూస్తే రూటర్ వెనక పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి. డబ్బా మీద 1200 అని పెద్ద అక్షరాలతో వేసి, పోర్టు సంగతి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేయడం కొనేవాళ్లకు చేసే అన్యాయం. ఆ 1200 కూడా 2.4లోని 300, 5లోని 867 కలిపి చెప్పే లెక్క, ఒక ఫోన్‌కు వచ్చే వేగం కాదు.

మీ ప్లాన్ 100 లోపే ఉండి, ఇల్లు మూడు నాలుగు గదులదైతే ఈ రకం రూటర్ ధైర్యంగా తీసుకోండి, మాకు బాగా నడిచింది. అంతకంటే పెద్ద ప్లాన్ ఉంటే గిగాబిట్ పోర్టులు ఉన్నాయో లేదో చూసుకునే కొనండి. మేం మళ్లీ 100 ప్లాన్‌కే వచ్చాం, ఇంకో రెండేళ్లు దీంతోనే నడిపిస్తాను. మిర్యాలగూడలో మా మరిది వాళ్లు ఇల్లు కడుతున్నారు. స్లాబు వేయకముందే గదికో పైపు వేయించమని చెప్పాను, లాన్ తీగ లాగడానికి. పోయిన ఆదివారం ఫొటో పంపారు, వంటగదికి తప్ప అన్నిటికీ వేశారు.