ఒక్కదాన్నే ఉండటం: పదకొండేళ్ల తర్వాత నా సమీక్ష

పదకొండేళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నాను. మూడు నెలలు ఉండి చూసి ఆహా ఓహో అనేవాళ్లు చాలామంది కనిపిస్తారు, కానీ మొదటి మూడు నెలలు ఎవరికైనా బాగానే ఉంటుంది. దీని అసలు రంగు రెండో ఏడు దాటితే గానీ తెలియదు, అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

ముందు సుఖాల సంగతి. పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉంటుంది. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఐదుగురున్న ఇంట్లో పెరిగి కత్తెర కోసం రోజూ వెతుక్కున్న నాకు, చీకట్లో చెయ్యి చాపితే అదే సొరుగులో అదే మూల కత్తెర తగలడం ఇప్పటికీ గొప్పగానే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే లైటు వేసుకుని పుస్తకం చదువుకోవచ్చు, ఎవరి నిద్రా పాడవదు. సెలవురోజు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా కిటికీ దగ్గర కూర్చోవచ్చు. అన్నిటికంటే నాకు విలువైనది ఇంకోటుంది. ఆఫీసులో రోజు బాగా గడవక ఇంటికొస్తే "ఏమైంది, మొహం అలా ఉందేం" అని అడిగేవాళ్లు ఉండరు. ఆ దిగులు తనంతట తను తగ్గేదాకా దాన్ని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కానీ అదే తలుపు మంచి వార్త మోసుకొచ్చిన రోజు కూడా అంతే నిశ్శబ్దంగా తెరుచుకుంటుంది. ప్రమోషన్ వచ్చిన సాయంత్రం తాళం తీసి లోపలికొచ్చి, చెప్పులు విప్పి, ఎవరికి చెప్పాలో తెలియక కాసేపు హాల్లో నిలబడిపోయాను. ఫోన్ చేస్తే అమ్మ సంతోషించింది, స్నేహితులూ సంతోషించారు, కానీ ఎదురుగా ఒక మనిషి మొహం వెలగడం వేరు. బాధ ఒక్కదాన్నే మోయడం తొందరగానే అలవాటైంది, సంతోషాన్ని ఒక్కదాన్నే దాచుకోవడం మాత్రం ఇప్పటికీ రాలేదు.

ఖర్చులు, పనులు అందరూ చెప్పేవే. అద్దె పంచుకోవడానికి ఎవరూ ఉండరు, ప్లంబర్ వస్తానంటే సెలవు పెట్టాల్సింది మనమే, ఒక్కరికి వండితే ఎప్పుడూ మిగులుతుంది. ఇవన్నీ ఏడాదిలో సర్దుకుంటాయి.

సర్దుకోనిది ఒకటుంది. నాలుగో ఏడు వానాకాలంలో, ఒక శనివారం సాయంత్రం బాత్‌రూం తలుపు గడియ ఇరుక్కుపోయింది. తేమకి చెక్క ఉబ్బి గడియ మీద తలుపు బరువంతా పడింది, ఎంత లాగినా కదల్లేదు. ఫోన్ మంచం మీద ఉంది. మగ్గు అడుగుతో గడియని కొడితే మగ్గు పగిలింది. వెంటిలేటర్ దగ్గర నిలబడి పిలిచాను, బయట వాన హోరులో నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. అప్పుడు లెక్క వేసుకున్నాను: ఆదివారం నా కోసం ఎవరూ చూడరు, సోమవారం పదింటికి ఆఫీసులో నా కుర్చీ ఖాళీగా కనబడితే గానీ నేను లేనని ఎవరికీ తెలియదు. అంటే దాదాపు నలభై గంటలు. గడియ కన్నా ఆ లెక్కే ఎక్కువ భయపెట్టింది. చివరికి గూట్లో నెయిల్ కట్టర్ కనబడింది, దాని రేకు కొసతో గడియ స్క్రూలు ఒక్కొక్కటే తిప్పాను. మూడు వచ్చాయి, నాలుగోది అరిగిపోయి రాలేదు, గడియని పక్కకి వంచి తలుపు లాగాను. రెండు గంటలు పట్టింది. బయటికొచ్చి తడి బట్టలతోనే నేల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాతే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే పరిశోధకురాలి బృందం 2015లో 70 అధ్యయనాలు, దాదాపు 34 లక్షల మంది వివరాలు కలిపి చూసింది. ఒంటరితనంతో బాధపడేవాళ్లలో త్వరగా చనిపోయే ముప్పు 26 శాతం ఎక్కువ, ఒక్కరే నివసించేవాళ్లలో 32 శాతం ఎక్కువ అని తేలింది. ఈ రెండూ వేర్వేరుగా లెక్కించారన్నది నన్ను ఆపేసింది. నాకు ఒంటరితనం లేదు కదా అనుకుని ధీమాగా ఉన్నదాన్ని. మనసు బాగున్నంత మాత్రాన సరిపోదని, నేను కనబడకపోతే గమనించే మనిషి కూడా కావాలని అప్పుడు అర్థమైంది.

అందుకే ఒక తాళంచెవి పక్కింటి ఆంటీకి ఇచ్చాను. అడగడానికి చాలా మొహమాటపడ్డాను, ఆవిడ మాత్రం "ఇన్నేళ్లూ ఎందుకివ్వలేదే" అన్నారు. రోజూ పొద్దున తొమ్మిదిలోపు ముందు గది కర్టెన్ పక్కకి జరుపుతాను, అదే మా గుర్తు. ఒకసారి జ్వరంతో లేవలేక పడుకుండిపోతే తొమ్మిదింపావుకల్లా తలుపు తీసుకుని వచ్చి "ఏమ్మా, కర్టెన్ తీయలేదేం" అంటూ నుదురు మీద చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి చల్లదనం ఇంకా గుర్తుంది. ఇంకో రెండు అలవాట్లు కూడా చేసుకున్నాను. ఫోన్ బాత్‌రూంలోకి కూడా వస్తుంది. లాక్ తీయకుండానే కనబడేలా దాంట్లో నా బ్లడ్ గ్రూపు, అన్నయ్య నంబరు పెట్టాను.

ఎవరికి సరిపడుతుందని అడిగితే, నలుగురిలో ఉండి వచ్చాక అలిసిపోయే మనిషికి ఇది మందులా పనిచేస్తుంది. ఎవరితోనో గొడవపడి, కోపంలో ఇల్లు వదిలి దీనిలోకి రావొద్దు, ఆ గొడవ కూడా మనతోపాటే వచ్చి గదిలో కూర్చుంటుంది. సాయం అడగడం నామోషీ అనుకునేవాళ్లు కూడా వద్దు, నేను నాలుగేళ్లు అలాగే ఉన్నాను, అది ప్రమాదం.

"ఇంకా ఎన్నాళ్లే ఇలా" అని అమ్మ మొన్న కూడా అడిగింది. వచ్చే నెలతో ఇంటి అగ్రిమెంటు అయిపోతుంది. మళ్లీ నా ఒక్కదాని పేరు మీదే రాయిస్తున్నాను, బాత్‌రూం తలుపుకి కొత్త గడియ వేయించాలని ఓనర్‌కి ముందే చెప్పాను.