యూఎస్‌బీ డ్రైవ్ మౌంటింగ్: ఎఫ్‌స్టాబ్‌లో రాయాలా, యూడిస్క్స్‌కి వదిలేయాలా?

లినక్స్‌లో డ్రైవ్ దానంతటదే మౌంట్ కావడానికి, అంటే ఒక ఫోల్డర్‌గా తెరుచుకోవడానికి, రెండు దారులు. డెస్క్‌టాప్ వెనకుండి డ్రైవ్‌లు చూసుకునే యూడిస్క్స్ అనే సర్వీసుకి వదిలేయొచ్చు, లేదా ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ (/etc/fstab) ఫైల్లో మనమే ఒక లైను రాసుకోవచ్చు.

శ్రమ: యూడిస్క్స్‌కి దాదాపు ఏమీ లేదు. ఎఫ్‌స్టాబ్‌కి రూట్ (అడ్మిన్) హక్కులు కావాలి, డ్రైవ్‌ని గుర్తుపట్టే యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తు వెతకాలి. బద్ధకించి, సిస్టమ్ అప్పటికప్పుడు ఇచ్చే ఎస్‌డీబీ1 (sdb1) లాంటి పేరు రాస్తే, రేపు ఆ పేరుతో ఇంకో డ్రైవ్ రావచ్చు.

చోటు: యూడిస్క్స్ డ్రైవ్ లేబుల్‌నే ఫోల్డర్ పేరుగా పెడుతుంది. అదే లేబుల్‌తో రెండోది పెడితే చివర 1 చేరుతుంది, మన స్క్రిప్టు తెల్లమొహం వేస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో చోటు కదలదు.

రిస్కు: అసలు తంటా ఇక్కడే. ఎఫ్‌స్టాబ్ లైనులో నోఫెయిల్ (nofail) అనే ఆప్షన్ రాయడం మర్చిపోయి, ఒకసారి డ్రైవ్ పీకేసి రీబూట్ చేశాను. బూట్‌ని నడిపే సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి, రిపేరు కోసం కమాండ్ లైను మాత్రమే ఇచ్చే ఎమర్జెన్సీ మోడ్‌లో పడేసింది. ఆ ఒక్క మాట ఉంటే డ్రైవ్ లేకపోయినా బూట్ సాగిపోయేది.

హక్కులు: పెన్‌డ్రైవ్‌లలో మామూలుగా ఉండే ఫ్యాట్ (FAT) ఫార్మాట్ డ్రైవ్‌ని యూడిస్క్స్ మన పేరు మీదే ఇస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో యూఐడీ (మన యూజర్ నంబరు) చెప్పకపోతే ఫైళ్లన్నీ రూట్ సొత్తే.

చేతులు మారే పెన్‌డ్రైవ్‌లకైతే యూడిస్క్స్ చాలు. రోజూ రాత్రి బ్యాకప్ తీసుకునే డిస్కుకి, మానిటర్ లేని సర్వర్‌కి మాత్రం ఎఫ్‌స్టాబే, అదీ నోఫెయిల్‌తో.